బానెట్ మీద చెయ్యి

ఆ ఇంట్లో పెద్దకోడలికి అత్తవారు పెట్టిన పేరు భూతద్దం. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె కూరగాయల అంగట్లో వంకాయలు ఒక్కొక్కటీ తొడిమ ఎత్తి చూసి ఏరుతుంటే, పక్కనే సంచీ పట్టుకుని నిలబడ్డ మరిదికి కాళ్ళు లాగాయి.

"వదినా, అది వంకాయ. పెళ్ళికొడుకు కాదు. అంత వెతక్కు" అన్నాడు.

"పెళ్ళికొడుకుని ఇంతలా వెతికుంటే మీ ఇంటికెందుకొస్తాను?" అందామె తల ఎత్తకుండా.

ఆ మాట ఆమె కంటే ముందే ఇల్లు చేరింది. అత్తగారు పడీపడీ నవ్వింది. భూతద్దం అన్న పేరు ఆ పూటే స్థిరపడిపోయింది.

ఆ భూతద్దాన్ని ఇంట్లో వదిలేసి అన్నదమ్ములిద్దరే వెళ్ళి ఒక పాత కారు కొనుక్కొచ్చారు, పోయినేడు. అమ్మినవాడి నోరు తీపి. ఇంజను తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. నెల తిరక్కుండా అది నడిరోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయింది. ఆగినదాన్ని షెడ్డుకి లాక్కెళ్ళి విప్పుతున్నన్ని రోజులూ పెద్దకోడలు స్టూలు వేసుకుని మెకానిక్కు పక్కనే కూర్చుంది. ఇదేమిటి, అదెందుకు, ఇది ఇలా ఎందుకయింది అని అడుగుతూనే ఉంది. "అమ్మా, మీరడిగినన్ని ప్రశ్నలు పిల్లనిచ్చేటప్పుడు మా మామగారు కూడా అడగలేదు" అన్నాడా మెకానిక్కు చివరి రోజున. ఆ కారు తుక్కుకింద పోయింది. దాని దగ్గర నేర్చుకున్నది మాత్రం ఆమె దగ్గర మిగిలింది.

ఈసారి కారు కావలసింది సరదాకి కాదు. భర్త ఉద్యోగం కొండల అవతల, నీళ్ళ పంపుల కేంద్రంలో. సాయంత్రం పని ముగిసేసరికి చివరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. అందుకని అక్కడే ఒక గది తీసుకుని ఉంటున్నాడు. ఇంటికి రాక ఆదివారం ఒక్కరోజే. పాప ఆయనకి ఆదివారం నాన్న అని పేరు పెట్టింది. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. ఒకనాడు బడిలో టీచరు "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే పాప "ఆదివారం వస్తారు" అని చెప్పిందట. ఆనాటి నుంచి పెద్దకోడలికి ఆ పేరు విన్నప్పుడు నవ్వు రావడం మానేసింది.

మంచి కారు దొరికితే ఆయన రోజూ ఇంటికొస్తాడు. ఇదీ పోతే ఇంకోటి కొనే శక్తి ఇప్పట్లో ఉండదు. పాప చదువు పూర్తయ్యేదాకా నాన్న ఆదివారానికే మిగిలిపోతాడు. అందుకే ఈసారి, "నువ్వే చూడు. నువ్వు సరేనంటే సరే" అన్నాడు భర్త ఫోన్‌లో.

కబురు తెచ్చింది మరిదే. అతనికి డ్రైవింగు స్కూలుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు తొక్కీ తొక్కీ, ఏ వాహనంలో కూర్చున్నా అతని కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంటుంది. సినిమా హాల్లో తెరమీద కారు వేగంగా వచ్చినా తొక్కుతాడు.

"పశువుల డాక్టరమ్మగారి కారు వదినా. డీజిలు. ఆవిడకి కంటి నరాలు ఎండిపోయి చూపు పోయింది. అప్పట్నుంచీ బండి కదల్లేదు. తిరిగింది కూడా తక్కువే. ఆవిడ భర్త దర్జీ పని చేస్తాడు. ఆయనే అమ్ముతున్నాడు. కానీ రేటు... ఇంత తక్కువకి ఎందుకిస్తున్నాడో నాకు అర్థం కావడం లేదు."

"బయట తక్కువ చెప్తున్నారంటే లోపల ఎక్కువేదో ఉండే ఉంటుంది" అంది పెద్దకోడలు. ఆమే దర్జీకి ఫోన్ చేసింది. "రేపు పొద్దున వస్తామండీ. ఒక్కటే మాట. మేం వచ్చేదాకా బండి స్టార్టు చెయ్యకండి. చల్లగా ఉన్నప్పుడే చూడాలి."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. తర్వాత "అలాగేనమ్మా" అని వినిపించింది.

డీజిలు ఇంజను నిజం చెప్పేది రోజులో ఒక్కసారే. రాత్రంతా చల్లారి, పొద్దున తొలిసారి లేచినప్పుడు. అప్పుడు దగ్గుతుందా, వణుకుతుందా, ఏ రంగు పొగ వదులుతుంది అన్నది చూస్తే దాని సంగతి సగం తెలిసిపోతుంది. ఒకసారి వేడెక్కాక ప్రతి ఇంజనూ బుద్ధిమంతురాలే. నిద్ర లేచిన మొహాన్ని చూడాలిగానీ పౌడరు రాసుకున్న మొహాన్ని చూసి ఏం లాభం?

దర్జీ ఇల్లు ఇరుకు సందులో ఉంది. కింద కుట్టుగది, పైన కాపురం, పక్కనే రేకుల నీడలో కారు. కారుకి మందపాటి గుడ్డతో తొడుగు కుట్టి ఉంది. అంచులకి రెండు వరసల కుట్టు, రెండు వైపులా అద్దాలకి విడివిడిగా చిన్న సంచులు.

"కారుక్కూడా చొక్కా కుట్టారే పెద్దాయనా!" అన్నాడు మరిది.

"కొలతలు తీసి కుట్టాను నాయనా. అద్దాలకి చేతులు పెట్టాను" అన్నాడు దర్జీ మురిసిపోతూ. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. తొడుగుని పసిపిల్ల ఒంటి మీది గౌను తీసినంత మెల్లగా తీశాడు.

మరిది టైర్లని పొగిడాడు, రంగుని పొగిడాడు, తొడుగుని మళ్ళీ పొగిడాడు. పెద్దకోడలు నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టింది.

వేడిగా ఉంది.

ఆమె చెయ్యి అక్కడే ఉంచి దర్జీ వైపు చూసింది. మరిది ఆ చూపు చూసి నోరు మూశాడు. దర్జీ మెడలోని టేపుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"పొద్దున స్టార్టు చేశారా?"

"లేదమ్మా... ఎండకి..."

"ఎండ ఇంకా ఇటు రాలేదండీ" అంది ఆమె. గొంతు పెంచలేదు. ఆ ముసలాయన టేపు విప్పుకుని మళ్ళీ చుట్టుకున్నాడు.

మరిది ఆమెని పక్కకి పిలిచాడు. "పద వదినా, పోదాం. పోయినేటి కథే. ఇదీ లోపల తోమిన గిన్నెలా మెరుస్తూ ఉంటుంది చూడు."

"అదీ చూద్దాం. మోసం చేసేవాడు ముందు ఇంజను కడుగుతాడు. వచ్చాం కదా, మిగతావి చూసే పోదాం. మనిషి అబద్ధం చెప్పాడని కారు కూడా చెప్పాలని లేదు."

టార్చిలైటు, తెల్లటి పాత పంచె ముక్క తీసింది. ముందు పెడళ్ళు చూసింది. రబ్బర్లు నడిమధ్య కొద్దిగా అరిగాయి, తిరిగిన దూరానికి సరిపోయేంతే. కాళ్ళ కింది చాప ఎత్తింది. తుప్పు లేదు, చెమ్మ లేదు. బానెట్ ఎత్తించింది. ఇంజను మీద దుమ్ము ఒకే తీరుగా పొడిగా పరుచుకుని ఉంది. ఎక్కడా ఆయిలు చెమర్చిన మరక లేదు. మూల పడి ఉన్న కార్లలో ఎలకలు కాపురం పెడతాయని షెడ్డులో చూసింది కాబట్టి మూలమూలలకీ లైటు వేసింది. ఒక్క వైరుకి పంటిగాటు లేదు, ఒక్క గింజపొట్టు లేదు. రేడియేటరు నీళ్ళ మీద నూనె తెట్టు లేదు. ఆయిలు కొలిచే పుల్ల లాగి చూసింది.

"అమ్మో, తారులా ఉంది!" అన్నాడు మరిది.

"డీజిలు బండిలో నలుపే ఉంటుంది. తేనెలా మెరుస్తుంటేనే అనుమానించాలి, నిన్నో మొన్నో మార్చారని."

నలుపు తప్పు కాదు. కానీ ఆయిలు ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువగా, పల్చగా ఉంది. వాసన చూసింది. అందులో డీజిలు వాసన కలిసింది. కనుబొమలు ముడిపడ్డాయి. వెనక్కి వెళ్ళి పంచె ముక్క చూపుడువేలికి చుట్టి సైలెన్సరు గొట్టంలో తిప్పింది. గుడ్డ దాటి చెయ్యంతా మసి అయింది. పొడి మసి కాదు, లాంతరు చిమ్నీకి పట్టే జిడ్డు మసి.

ఇదే ఆమెకి అర్థం కాలేదు. తిరిగింది తక్కువ. అరిగింది తక్కువ. మసి మాత్రం లారీకి పట్టినంత. కదలని బండికి ఇంత మసి ఎక్కణ్ణుంచి వచ్చింది?

"చెయ్యి కడుక్కోవాలండీ" అంది.

"పైకి వెళ్ళండమ్మా. మా ఆవిడ ఉంది" అన్నాడు దర్జీ ఆమె కళ్ళలోకి చూడకుండా.

పైన కిటికీ పక్క కుర్చీలో డాక్టరమ్మ కూర్చుని భర్త కుట్టుమిషను బాబిన్లకి దారం చుడుతోంది. వేళ్ళే చూస్తున్నాయి. కళ్ళు కిటికీ అవతల ఎక్కడో నిలిచాయి.

"కుళాయి నీ ఎడమ పక్కన ఉందమ్మాయ్. సబ్బు పైన గూట్లో" అంది. పెద్దకోడలు కుళాయి తిప్పాక, "బానెట్ వేడిగా ఉంది కదూ?" అని అడిగింది.

"మీకెలా తెలిసింది?"

"మీ మరిది నోరు వచ్చిందగ్గర్నుంచీ ఆగలేదు. ఉన్నట్టుండి ఆగింది. కొనడానికొచ్చినవాళ్ళ నోరు ఆగిందంటే బానెట్ మీద చెయ్యి పడిందన్నమాటే."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. అయినా అడగదలచుకున్నది అడిగింది. "స్టార్టు చెయ్యొద్దని ఫోన్‌లో చెప్పానండీ."

"చెప్పావు. నేను వింటూనే ఉన్నా. ఆయన పొద్దున లేచి మెట్లదాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. చివరికి దిగి కీ తిప్పాడు. నిన్ను మోసం చేద్దామని కాదు. తిప్పకుండా ఉండలేక." దారం తెంపి బాబిన్ పక్కన పెట్టింది. "చూపు పోయిన కొత్తలో ఒకనాడు నోరు జారాను, పొద్దున్నే బండి చప్పుడు లేకపోతే తెల్లారినట్టే లేదు అని. మర్నాటి నుంచి మొదలుపెట్టాడు. ఆయనకి డ్రైవింగు రాదు. కారెక్కితే కడుపులో తిప్పుతుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా పక్కన కూర్చుంది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా రోజూ కూర్చుని కీ తిప్పుతాడు, కాసేపు గుడగుడలాడిస్తాడు, ఆపేసి వస్తాడు. అంగుళం కదల్చడు. కుట్టుమిషను మూల పడేస్తే బిగుసుకుపోతుంది, రోజూ దారం లేకుండా కాసేపు తొక్కితే హాయిగా ఉంటుంది. కారూ అంతే కదా అని ఆయన నమ్మకం."

పెద్దకోడలి చేతిలో సబ్బు ఆగిపోయింది. ఆ జిడ్డు మసి, ఆయిల్లో డీజిలు వాసన, రెండింటికీ జవాబు దొరికింది. డీజిలు ఇంజను బరువు లాగుతూ పరిగెత్తితేనే బాగా వేడెక్కుతుంది, తన మసి తనే కాల్చుకుంటుంది. నిలబెట్టి చల్లగా తిప్పితే కాలని డీజిలు కొంత మసై పేరుకుంటుంది, కొంత ఆయిల్లోకి దిగుతుంది.

"కట్టుకొయ్యకి కట్టేసి పూటపూటకీ మేపితే పశువు ఏమవుతుంది?" అంది డాక్టరమ్మ. "దీనికీ అదే అయింది."

"అయితే మీకు తెలుసన్నమాట!"

"దూడ దగ్గితే గొంతులో ఉందో ఊపిరితిత్తుల్లో ఉందో చెప్పిన చెవులమ్మాయ్ ఇవి. రోజూ కిటికీ కింద దాని గొంతు బొంగురుపోవడం వినపడదా?"

"మరి ఆయనతో చెప్పలేదా?"

డాక్టరమ్మ వేళ్ళు ఇంకో బాబిన్ కోసం తడిమాయి. "ఏమని చెప్పను? నువ్వు ముద్దుగా పెట్టే ముద్దే దాని గొంతుకి అడ్డం పడుతోందనా? చెప్పిన రోజునే ఆపేస్తాడు. ఆపేసి ఇన్నాళ్ళూ చేసింది తలుచుకుని కుమిలిపోతాడు. నాకు తెలుసుగా ఆయన. చొక్కాకి కాజా వంకరగా పడితే అన్నం మానేసే మనిషి. అందుకే అమ్మేద్దామన్నాను. మసిని లెక్కలో వేసే రేటు తగ్గించాను. ఆయనతో మాత్రం మంచి చేతుల్లో పడితే చాలు అన్నాను."

కిందనుంచి మరిది నవ్వు వినిపించింది. మళ్ళీ నోరు పెగిలినట్టుంది.

"రేపు పొద్దున రండి" అంది డాక్టరమ్మ. "చల్లగా వినిపిస్తాను. నాకు తలనొప్పి, చప్పుడు వద్దంటాను."

"ఆయన వింటారా?"

"నా తలనొప్పి ముందు కారెంత! నీకు కనపడే లోపాలన్నీ నాకు చెప్పు, ఒక్కటీ దాచకు. ఆయన ముందు మాత్రం వద్దు."

పెద్దకోడలు చేతులు తుడుచుకుంది గానీ మాట ఇవ్వలేదు. లోపం కనపడితే చెప్పకుండా ఉండటం ఆమెకి పుట్టుకతో రాలేదు. టైలరు కుట్టిన రవికె అయినా, అత్తగారు కడిగిన బియ్యం అయినా మొహం మీదే చెప్పేది.

ఇంటికొచ్చాక మరిదికి అంతా చెప్పింది. అతను బుర్ర గోక్కున్నాడు. "మేమేమో నమ్మి ఒక కారు పోగొట్టుకున్నాం. ఆయనేమో ప్రేమించి పాడుచేసుకున్నాడు. కార్ల జాతకాలే అంత వదినా."

సాయంత్రం భర్తకి ఫోన్ చేసి చెబుతుంటే పాప లాక్కుంది. "నాన్నా, ఇవాళ ఆదివారం కాదుగా?" అంది. అవతల ఆయన ఏం చెప్పాడో, పాప ఊ కొట్టి ఫోన్ ఇచ్చేసి ఆటలోకి పోయింది.

పెద్దకోడలు వంట చేస్తున్నంతసేపూ అదే ఆలోచించింది. ఆ దంపతుల సంగతి మనసుని తాకిన మాట నిజమే. అయితే మనసు తడిసిందని కళ్ళు మూసుకుంటే నష్టపోయేది పాప. పట్టింది మసి ఒక్కటే అయితే వదిలించవచ్చు. మసి మాటున లోపలి పిస్టన్ రింగులు కూడా అరిగి ఉంటే ఆ ఇంజను బోరుకొచ్చినట్టే, మొత్తం విప్పి కొత్తగా చెయ్యాలి. జాలితో కొన్న కారు జాలితో కొండెక్కదు. రెంటినీ విడదీసి చూడాలి.

మర్నాడు వెళ్ళేసరికి దర్జీ కారు దగ్గరే నిలబడి ఉన్నాడు. కీ పిడికిట్లో ఉంది. పస్తున్న మనిషిలా ఉన్నాడు. పెద్దకోడలు బానెట్ మీద చెయ్యి పెట్టింది. రాయిలా చల్లగా ఉంది.

"నిన్న ఎండ కాదమ్మా" అన్నాడు ఆయన అడగకుండానే. "నేనే స్టార్టు చేశాను."

"తెలుసండీ."

"ఇవాళ చెయ్యలేదు. ఆవిడకి తలనొప్పి. కణతలు పగిలిపోతున్నాయంది. పైన కిటికీ తలుపులు వేసొచ్చాను."

మరిది సీట్లో కూర్చున్నాడు. ముందు ఇంజనుని లోపల వేడిచేసే హీటరు ప్లగ్గుల దీపం వెలిగి ఆరేదాకా ఆగి, సెల్ఫు కొట్టాడు. ఇంజను మూలిగింది, అందుకోలేదు. రెండోసారి దగ్గి, వణికి, అందుకుంది. వెనక తెల్లటి పొగ కళ్ళు మండేలా కమ్మేసింది. బండి కాసేపు చలిజ్వరం వచ్చినట్టు ఊగి, మెల్లగా కుదుటపడింది.

"లేవగానే దానికిది మామూలేనమ్మా" అన్నాడు దర్జీ పొగ విసురుకుంటూ. "పెద్దవయసు. నేనూ లేవగానే దగ్గుతాను."

"అది వయసు కాదు పెద్దాయనా, రోజూ మీరు పొద్దున్నే..." అని మరిది కిటికీలోంచి తల బయటపెట్టాడు. పెద్దకోడలు చెయ్యి చాచి అతని భుజం నొక్కింది. ఇన్నేళ్ళలో అతని మీద ఇంకొకరు బ్రేకు వెయ్యడం అదే మొదటిసారి. మాట అక్కడే ఆగింది.

ఇక అసలు పరీక్ష. ఇంజను తిరుగుతుండగానే ఆయిలు పోసే చోట మూత విప్పి, దాన్ని తలకిందులుగా ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టింది. రింగులు అరిగిపోతే లోపలి గాలి పైకి తన్నుకొచ్చి, పొంగే పాలగిన్నె మీది మూతలా అది ఎగిరెగిరి పడుతుంది. మూత కొద్దిగా అదిరింది. ఎగరలేదు. ఇంకాసేపు చూసింది. అదురుతూ అక్కడే ఉంది.

అప్పుడు ఆమె మూతని తిప్పి బిగించింది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. డాక్టరమ్మ గోడ పట్టుకుని దిగుతోంది.

"కణతలు పగిలిపోతున్నాయన్నావు?" అన్నాడు దర్జీ కంగారుగా ఎదురెళ్ళి.

"పగిలినవి అతుక్కున్నాయి. వీళ్ళతో ఒక చుట్టు తిరిగొస్తా. నువ్వూ రా."

"నేనా!" అని ఆయన కారుకేసి చూసి కడుపు మీద చెయ్యేసుకున్నాడు. "మీరెళ్ళి రండి."

మరిది స్టీరింగు దగ్గర, డాక్టరమ్మ అతని పక్కన, వెనక పెద్దకోడలు. సందు దాటి, రైలు గేటు దాటి, రాళ్ళ క్వారీ పక్కనుంచి పైకెక్కే రోడ్డు మీదికి వచ్చారు. డాక్టరమ్మ రోగి ఛాతీకి చెవి ఆనించినట్టు తల వంచి వింటోంది.

"వేడెక్కింది. ఇప్పుడు మూడో గేరులో పెట్టి గట్టిగా తొక్కు నాయనా."

"నేనా? పొద్దున్నుంచి సాయంత్రందాకా మెల్లగా, మెల్లగా అని నేర్పే నోరండీ నాది!"

"నోటితో పని లేదు. కాలితో తొక్కు."

తొక్కాడు. ఇంజను గర్జించింది. పెద్దకోడలు వెనక్కి తిరిగింది. తాటిచెట్టంత నల్లటి మేఘం లేచింది.

"ఎంత నలుపు?" అంది డాక్టరమ్మ.

"వెనక రోడ్డు కనపడటం లేదు."

"ఆపకు. తొక్కుతూనే ఉండు. ఇప్పుడో?"

"ఒక స్కూటరు కనపడుతోంది. అతను మనల్ని తిడుతున్నాడు."

"తిట్టనీ. ఇప్పుడు?"

"పొగ బూడిదరంగుకి వచ్చింది. అతను ముక్కు మీంచి చెయ్యి తీశాడు."

డాక్టరమ్మ గలగల నవ్వింది. చూసేది ఒకరు, వినేది ఒకరు, ఇద్దరూ కలిసి ఒక్క మనిషిలా కొండ కొసదాకా ఆ ఇంజనుని చదువుతూ వెళ్ళారు. క్లచ్చి ఏ గేరులోనూ జారలేదు. ఇంజనులోకి గాలి తోసే టర్బో ఈల తెగకుండా సాగింది. పైకి చేరేసరికి వెనక పొగ పొయ్యి ఆర్పాక లేచేదానికంటే పల్చబడింది.

కొండ మీద ఆపారు. పెద్దకోడలు దిగి మళ్ళీ గొట్టం కొసన గుడ్డ తిప్పింది. మసి ఉంది, కానీ ఈసారి ఆరిపోయి పొడిగా రాలుతోంది. ఆమె వచ్చి డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఒక్కటీ దాచకుండా చెప్పింది. హీటరు ప్లగ్గులు మార్చాలి. ఇంజనాయిలు వెంటనే తియ్యాలి. గాలి వెళ్ళే దారులన్నీ విప్పి మసి కడగాలి. క్లచ్చి ఇంకొన్నాళ్ళు వస్తుంది. గుండెకాయ మాత్రం గట్టిది.

"ఒకటి మర్చిపోయావు" అంది డాక్టరమ్మ. "ఎడమ పక్క ముందు చక్రం మలుపులో మూలుగుతోంది. బేరింగు."

"నాకు వినపడలేదండీ."

"వినపడుతుందిలే. ఇహ రోజూ వింటావుగా." ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాచి కారు తలుపుని బయటనుంచి రెండుసార్లు తట్టింది, పశువు మెడ తట్టినట్టు. "మీవాళ్ళు దీన్ని ఎంత దూరం నడుపుతారు?"

"ఈ కొండ దాటి ఇంకో కొండ. రోజూ పోనూ రానూ."

"సరిపోయిన మందు" అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేసరికి దర్జీ సందు మొదట్లోనే నిలబడి ఉన్నాడు. వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు. కారు ఆగీ ఆగకముందే దగ్గరికొచ్చి, ముందు భార్య మొహం చూశాడు, తర్వాత బానెట్ చూశాడు, తర్వాత పెద్దకోడలి వైపు తిరిగాడు.

"తీసుకుంటాం" అందామె.

ఆయన తల ఊపాడు. టేపు వేలికి చుట్టుకున్నాడు. "ఒక్క మాటమ్మా. నువ్వు అంతా పట్టి పట్టి చూసినదానివి. నిజం చెప్పు. నేను దాన్ని బాగా చూసుకున్నానా?"

మరిది వంగి టైరుకేసి చూడటం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ సీట్లోంచి దిగబోతూ కాలు నేల మీద ఆనించి అలాగే ఆగిపోయింది.

పెద్దకోడలి నాలుక మీద ఇందాకటి జాబితా అంతా సిద్ధంగా ఉంది. మర్యాద కోసం అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. చేతనైనా, ఇంత సూటిగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడం మర్యాద అనిపించుకోదు. ఆమె ఆ కారుని పైనుంచి కిందిదాకా మనసులోనే మళ్ళీ ఒకసారి వెతికింది, ఈసారి లోపం కోసం కాదు.

"మూలపడ్డ కార్లు షెడ్డులో చూశానండీ" అంది. "ఎలకలు దూరి గూళ్ళు పెట్టేస్తాయి. వైర్లన్నీ కొరికి పోగులు పెడతాయి. అలా పోయిన బండిని బాగుచెయ్యడం ఎవరి వల్లా కాదు. దీంట్లో నిన్న టార్చి వేసి అంగుళం అంగుళం చూశాను. ఒక్క వైరుకి పంటిగాటు లేదు. మీరు రోజూ వెళ్ళి కదిలించబట్టే."

దర్జీ కొంచెంసేపు నమ్మనట్టు చూశాడు. "ఎలకలా?" అన్నాడు. "నేనా సంగతే ఆలోచించలేదు." మొహం మెల్లగా విప్పారింది. భార్య వైపు తిరిగి, "విన్నావా? ఎలకలు!" అన్నాడు.

"విన్నాను" అంది డాక్టరమ్మ మొహం అటు తిప్పుకుని.

ఆయన గబగబా వెళ్ళి తొడుగు మడతపెట్టి తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. "చొక్కా లేకుండా ఎలా పంపుతాను!"

షెడ్డు మెకానిక్కు చెప్పినవన్నీ చేశాడు. బేరింగు కూడా మార్చాడు. నిజంగానే మూలుగుతోంది అది.

మొదటి సోమవారం పొద్దున భర్త కారు స్టార్టు చేసి, ఇంజను తిరుగుతుండగా గుమ్మం దాకా వచ్చి ఏదో మర్చిపోయినట్టు నిలబడ్డాడు. వారానికి సరిపడా బట్టలు పెట్టుకునే సంచీ లేదు చేతిలో. అన్నం డబ్బా ఒక్కటే ఉంది. వెళ్ళొస్తానని రెండుసార్లు చెప్పాడు.

"నిలబెట్టకండి దాన్ని. బయల్దేరండి" అంది పెద్దకోడలు. "కబుర్లు సాయంత్రం చెప్పుకుందాం."

సాయంత్రం పొయ్యి మీద గిన్నె దించుతూ ఆమె చెవి వీధి మీద వేసింది. ఏ కారు శబ్దం వచ్చినా ఇది కాదు, ఇది కాదు అనుకుంటోంది. చివరికి వచ్చిన దాన్ని వినగానే స్టవ్ ఆపింది. పాప అప్పటికే గేటు దగ్గర ఉంది.

"ఇహ రోజూ వస్తావా?" అని నిలదీసింది తండ్రిని.

"రోజూ వస్తా."

పాప ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే హోంవర్కు కూడా రోజూ చూస్తావా?" అంది, కాస్త అనుమానంగా.

భోజనాల దగ్గర భర్త చెప్పాడు. "ఆ క్వారీ రోడ్డుకి ముందు ఒక సందు వస్తుంది చూడు, పొద్దున దాని మొదట్లో పెద్దవాళ్ళిద్దరు నిలబడి ఉన్నారు. ఆయన మెడలో టేపు ఉంది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. వాళ్ళేనా నువ్వు చెప్పింది?"

"వాళ్ళే. పలకరించారా?"

"ఆగుదామనుకున్నా. ఆవిడే ఆగొద్దు, పో పో అన్నట్టు చెయ్యి ఊపింది. విచిత్రమేంటంటే నేనింకా మలుపు తిరగనే లేదు. మలుపులో గోడ అడ్డం ఉంది, దాని పక్కనుంచి కనపడుతోంది, ఆవిడ చెయ్యి అప్పటికే పైకెత్తి ఉంది."

"ఆయన ఏం చేస్తున్నాడు?"

"కారుని చూడటం లేదు. ఆవిణ్ణే చూస్తున్నాడు."

పెద్దకోడలు ఇంకో ముద్ద వడ్డించింది. వీధిలో చల్లారుతున్న ఇంజను టిక్కు, టిక్కుమంటూ ఉండి ఉండి శబ్దం చేస్తోంది. చెయ్యి కడుక్కుని, గేటు దాకా వెళ్ళి, తొడుగు కప్పేముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. బాగా వేడిగా ఉంది. ఈసారి ఆ వేడి రోడ్డుది. చెయ్యి వెంటనే తియ్యలేదు.